జేసీబీ, ట్రాక్టరు రోడ్డెక్కే ముందు: లైసెన్సు, కాగితాలు, డీజిల్

మాది అనంతపురం జిల్లా గుత్తి. మా ఆయన మిషన్ తోలతాడు, కాగితాలు నేను చూసుకుంటాను. ఒక జేసీబీ, రెండు ట్రాక్టర్లు మావి, టిప్పరు మా మరిదిది. నాలుగింటి ఆర్‌సీలు, ఇన్సూరెన్సులు, ఆపరేటర్ల లైసెన్సు జెరాక్సులు ఒక నీలం రెక్సిన్ బ్యాగులో పెట్టుకున్నాను. ఫైనాన్సులో మిషన్ తీసుకునే పిల్లలు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి, "అక్కా, జేసీబీకి ఏ లైసెన్సు కావాల?" అని అడుగుతుంటారు. కంతు ఎంత పడుతుందో, గంటకు బాడుగ ఎంతో వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. లైసెన్సు సంగతి మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఇది నేను నేర్చుకున్న తీరు ముందు చెప్పాలి. 2016 ఎండాకాలం. ఊరికి దూరంగా చెరువు పూడిక తీసే పని దొరికింది. సాయంత్రానికి ట్యాంకులో డీజిల్ అడుగంటింది. ఆపరేటరు ఆ రోజు సెలవు పెట్టి పోయినాడు. హెల్పరు పిల్లోడికి పంతొమ్మిదేళ్ళు. చెరువులో మిషన్ బాగానే తిప్పేవాడు. "వదినా, బంకు రెండు కిలోమీటర్లే కదా, నేను పట్టించుకొని వస్తా" అన్నాడు. డబ్బులిచ్చి పంపింది నేనే. వాడి దగ్గర ఉన్నది బైకు లైసెన్సు ఒక్కటే.

పొద్దు గూకే వేళ. ముందు బకెట్టు మోకాలి ఎత్తున ఉంది, హెడ్‌లైటు ఒకటే వెలుగుతోంది. మలుపులో ఎదురుగా వచ్చిన బైకు నేరుగా బకెట్టు పళ్ళకు తగిలింది. ఆయన కాలు రెండు చోట్ల విరిగింది. ప్రాణం దక్కింది గానీ ఈనాటికీ కర్ర లేకుండా నడవలేడు. ఇన్సూరెన్సు కట్టే ఉన్నాం కదా, వాళ్ళే చూసుకుంటారనుకున్నాం. కేసు ట్రిబ్యునల్‌కు పోయింది. తోలినవాడికి ఆ బండి లైసెన్సు లేదని కంపెనీ లాయరు కాగితం పెట్టాడు. తీర్పు ఎట్లా వచ్చిందంటే, దెబ్బ తగిలినాయనకు కంపెనీ ముందు డబ్బు కట్టాలి, తర్వాత ఆ డబ్బంతా ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి. కోర్టుల్లో దీన్ని 'పే అండ్ రికవర్' అంటారు. ఆయనకు డబ్బు అందినందుకు నాకు ఈరోజుకీ సంతోషమే. మా నుంచి మాత్రం ఎకరన్నర పొలం పోయింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు. డీజిల్ మిషన్ దగ్గరికి పోవాలి, డీజిల్ కోసం మిషన్ రోడ్డెక్కకూడదు.

ఇక లైసెన్సు సంగతి. రోడ్డు మీద పోయే పని బండ్లను చట్టం ఎట్లా చూస్తుందో మొదట తెలియాలి. జేసీబీ, మొబైల్ క్రేను, మోటార్ గ్రేడరు, రోలరు లాంటివన్నీ 'కన్‌స్ట్రక్షన్ ఎక్విప్‌మెంట్ వెహికల్' కిందికి వస్తాయి. ఇవి నాన్-ట్రాన్స్‌పోర్టు బండ్లు, అంటే సరుకు మోసే లారీల్లాంటి రవాణా బండ్ల లెక్కలోకి రావు. వీటి అసలు పని రోడ్డు బయట. రోడ్డు మీద నడపడం ఆ పనికోసం కొద్దిసేపు మాత్రమే, అదీ గంటకు 50 కిలోమీటర్లు దాటకుండా. సెంట్రల్ మోటారు వెహికల్ రూల్స్‌లోనే ఇలా రాసి ఉంది. సేద్యం ట్రాక్టరు కూడా నాన్-ట్రాన్స్‌పోర్టే. నాన్-ట్రాన్స్‌పోర్టు అంటే లైసెన్సు అక్కర్లేదని కొందరు అర్థం చేసుకుంటారు. అది పొరపాటు. రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్సు మూడూ కావాలి. బాడుగకు సరుకు మోసే లారీలాగా పర్మిట్ మాత్రం అక్కర్లేదు.

తర్వాత బరువు. ట్రాక్టరు గానీ రోడ్డు రోలరు గానీ ఖాళీ బరువు 7,500 కిలోలు దాటకపోతే అది లైట్ మోటార్ వెహికల్, అంటే అందరూ ఎల్‌ఎంవీ అనేది. మన దగ్గర సేద్యానికి వాడే ట్రాక్టర్లన్నీ ఆ లోపలే ఉంటాయి కాబట్టి ఎల్‌ఎంవీ గానీ ట్రాక్టరు క్లాసు గానీ ఉంటే సరిపోతుంది. ట్రాక్టరుకు ట్రాలీ తగిలించినంత మాత్రాన వేరే లైసెన్సు అక్కర్లేదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. జేసీబీ దగ్గరే తిరకాసు. చాలా బ్యాక్‌హో మిషన్ల, అంటే జేసీబీ లాంటివాటి బరువు సరిగ్గా ఆ 7,500 గీత పక్కనే ఉంటుంది. మోడల్ మారితే, వెనక బకెట్టు పెద్దదైతే అవతలికి పోతుంది. అందుకే ఎవరో చెప్పిన మాట నమ్మకుండా మీ ఆర్‌సీ తీసి 'అన్‌లేడెన్ వెయిట్', అంటే ఖాళీ బరువు అన్న చోట ఏం రాసి ఉందో చూడండి.

2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక తీర్పిచ్చింది. ఎల్‌ఎంవీ లైసెన్సు ఉన్నవాళ్ళు 7,500 కిలోల లోపు గ్రాస్ బరువున్న (బండి, సరుకు కలిపి) ట్రాన్స్‌పోర్టు బండి కూడా నడపొచ్చు, దానికి లైసెన్సు మీద విడిగా ఎండార్స్‌మెంట్ రాయించుకోనక్కర్లేదు అని. ఆ తీర్పు వచ్చిన వారానికే మా ఊళ్ళో వాట్సాప్‌లలో "ఇకమీద ఎల్‌ఎంవీతో ఏ బండయినా తోలచ్చు" అని తిరిగింది. తీర్పులో ఆ మాట లేదు. చిన్న గూడ్స్ ఆటోలు, చిన్న లారీలు నడిపేవాళ్ళకు అది పెద్ద ఊరటే. టిప్పరుకూ బోరు బండికీ అది వర్తించదు. జేసీబీ నడిపేవాళ్ళు కూడా దాన్ని నమ్ముకోవద్దు.

నేనైతే జేసీబీ ఆపరేటరుకు ఒకటే చెబుతాను. లైసెన్సు మీద ఆ మిషన్ పేరే రాయించుకో. లైసెన్సులకు ప్రభుత్వం పెట్టిన సారథి పోర్టల్‌లో అప్లికేషన్ పెట్టేటప్పుడు క్లాసుల జాబితాలో లోడర్-ఎక్స్‌కవేటర్, క్రేను, ఫోర్క్‌లిఫ్ట్, బోరింగ్ రిగ్, రోడ్ రోలర్ అని విడివిడిగా కనిపిస్తాయి. ఇప్పటికే ఎల్‌ఎంవీ ఉంటే దానికి కొత్త క్లాసు కలపమని అడగొచ్చు. ముందు ఎల్లెల్లార్, అంటే లెర్నర్ లైసెన్సు తీసుకోవాలి. అది ఆరు నెలలు నడుస్తుంది. 30 రోజులు గడిచాక టెస్టుకు పోవచ్చు. టెస్టుకు మిషన్ మనమే తీసుకుపోవాలి, దాని కాగితాలన్నీ సరిగ్గా ఉండాలి. నలభై దాటినవాళ్ళకు డాక్టరు సర్టిఫికెట్టు కూడా అడుగుతారు. ప్రభుత్వానికి కట్టే ఫీజు తక్కువే. ఏజెంట్లు వేలల్లో అడుగుతారు. మా ఆపరేటరు సొంతంగా ఫోన్లోనే స్లాట్ బుక్ చేసుకున్నాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు సారు బకెట్టు ఎత్తించి, దించించి, రివర్సు చేయించి చూశారంట. అంతే.

ఎల్లెల్లార్ ఉంది కదా అని రోడ్డు మీద మాత్రం తోలనీయకండి. నేర్చుకునేవాడి పక్కన లైసెన్సున్న మనిషి, బండిని ఆపగలిగే చోట కూర్చుని ఉండాలనేది రూలు. జేసీబీలో ఉండేది ఒకటే సీటు. ట్రాక్టరులోనూ అంతే. మడ్‌గార్డు మీద కూర్చుంటే అది సీటు కాదు. కాబట్టి నేర్చుకునేదంతా పొలంలోనో బీడులోనో కావాలి.

లైసెన్సు లేకుండా తోలితే తోలినవాడికి 5,000 జరిమానా, లేదంటే మూడు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. వాడికి బండి ఇచ్చిన ఓనరుకు కూడా విడిగా అంతే. పద్దెనిమిది నిండని పిల్లోడికి తాళం ఇస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఓనరుకు లేదా తల్లిదండ్రులకు 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దు. ఆ పిల్లోడికి ఇరవై అయిదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. సెలవుల్లో పదో తరగతి పిల్లోళ్ళు ట్రాక్టరు మీద కనిపిస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది. వాళ్ళ నాయనలు గర్వంగా చూస్తుంటారు.

టిప్పరుకు ట్రాన్స్‌పోర్టు లైసెన్సే కావాలి. ఇరవై ఏళ్ళు నిండాలి, ఎల్‌ఎంవీ తీసుకుని ఏడాది గడవాలి, అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి. బోరు బండికీ దాని బరువుకు తగ్గ లైసెన్సు ఉండాలి. అది పెద్ద లారీ మీద కట్టిన మిషనే కదా. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చే బండ్ల వాళ్ళు ఈ కాగితాల విషయంలో మనకంటే జాగ్రత్తగా ఉంటారు. బోరు వేసే బండికి వాల్టా చట్టం కింద రిజిస్ట్రేషను కూడా ఉండాలి. పిలిచేవాళ్ళు అది అడిగి చూడండి.

చైన్ మిషన్, అదే మనం హిటాచీ అనేది, సొంతంగా రోడ్డు మీద నడవకూడదు. లోబెడ్, అంటే ఎత్తు తక్కువున్న ట్రైలరు మీద ఎక్కించే తీసుకుపోవాలి. తారు రోడ్డు అడ్డంగా దాటాల్సి వస్తే పాత టైర్లు పరిచి, ఒక్కొక్కటి వెనక నుంచి ముందుకు మార్చుకుంటూ దాటిస్తారు. చైను కింద పడితే తారు పెచ్చులుగా లేచిపోతుంది. రెండు వైపులా ఎర్ర గుడ్డతో మనుషుల్ని నిలబెట్టండి, రాత్రిపూట అసలు దాటించకండి.

ట్రాక్టర్ల గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే తప్పులు ఎక్కువ జరిగేది అక్కడే. సేద్యం ట్రాక్టరుకు తీసుకునే ఇన్సూరెన్సు సేద్యానికే. మన శెనిక్కాయ కల్లం నుంచి ఇంటికి, పప్పుశెనగ మార్కెట్టుకు, ఎరువు చేనికి తోలడం వరకు ఇబ్బంది లేదు. అదే ట్రాక్టరుతో బేతంచెర్ల నుంచి నాపరాళ్ళు బాడుగకు తోలితే, ఇసుకో ఇటుకో అమ్మకానికి మోస్తే అది సరుకు రవాణా బండి అవుతుంది. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు దానికి తగ్గట్టు మార్పించుకోవాలి, డ్రైవరు లైసెన్సు సరిపోతుందో లేదో చూసుకోవాలి. మార్చకుండా తోలితే రోజూ బాగానే గడుస్తుంది. ఏదైనా జరిగిన రోజు కంపెనీవాళ్ళు అడిగే మొదటి మాట "ట్రాలీలో ఏముంది?" అనే. మా రెండు ట్రాక్టర్లలో ఒకటి సేద్యానికే పెట్టుకున్నాం, రెండోది రాళ్ళకు. రెండోదాన్ని ట్రాన్స్‌పోర్టు కింద రిజిస్టరు చేయించాం. ఖర్చు ఎక్కువే. ఆ ఎకరన్నర తర్వాత ఖర్చని వెనకాడలేదు.

ట్రాలీలో మనుషుల్ని ఎక్కించుకోవద్దు. పత్తి తీసేదానికి, మిరప కాయ కోసేదానికి ఇరవై మంది ఆడవాళ్ళు ట్రాలీలో నిలబడి పోతుంటారు, వాళ్ళలో చంకన బిడ్డలతో ఉండేవాళ్ళు కూడా ఉంటారు. ట్రాక్టరు ఇన్సూరెన్సు ఆ మనుషులకు వర్తించదు. ఏదైనా అయితే ఆ కుటుంబాలకు కంపెనీ నుంచి పైసా రాకుండా పోవచ్చు, ఓనరు దగ్గర అంత డబ్బు ఉండదు. కూలోళ్ళ కోసం ఆటో మాట్లాడితే రోజుకు కొన్ని వందలు ఎక్కువవుతాయి. ఆ వందలు పెట్టండి. ఇది బతిమాలి చెబుతున్నాను.

సెకండ్ హ్యాండు మిషన్ తీసుకునేవాళ్ళకు ఒక మాట. బళ్ళారి నుంచో బెంగళూరు నుంచో తెస్తారు, కర్ణాటక నెంబరుతోనే ఏళ్ళ తరబడి తిప్పుతారు. వేరే రాష్ట్రం బండి ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంటే ఇక్కడి నెంబరు తీసుకోవాలి. దానికి అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం కావాలి, కాబట్టి డబ్బు మొత్తం ఇచ్చేయకముందే ఎన్‌వోసీ చేతిలో పడేలా మాట్లాడుకోండి. అమ్మేవాళ్ళకూ ఇదే చెబుతాను. ఆర్‌సీలో పేరు ఎవరిదైతే వాళ్ళే ఓనరని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు అమ్మేసి డబ్బు తిన్నా, పేరు మారేదాకా యాక్సిడెంటు కేసు మీ ఇంటికే వస్తుంది. నాన్-ట్రాన్స్‌పోర్టు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు, తర్వాత అయిదేళ్ళకోసారి రెన్యువల్. కొనే మిషన్ పాతదైతే ఆ తేదీ కూడా చూడండి.

హైవే ఎక్కేముందు టోలు లెక్క వేసుకోండి. జేసీబీ చూడ్డానికి చిన్నదే. నేషనల్ హైవే టోల్ పట్టికలో మాత్రం ఎర్త్ మూవింగ్ మిషన్లు నాలుగు నుంచి ఆరు ఇరుసుల లారీల వరసలో ఉంటాయి. 44వ నంబరు హైవేలో కాసేపల్లి గానీ, మరూరు గానీ, అమకతాడు గానీ దాటితే పెద్ద లారీకి కట్టినంత కట్టాలి. ఫాస్టాగ్ లేక నగదు కడితే రెట్టింపు. దూరం పనికి బాడుగ మాట్లాడేటప్పుడు మా ఆయన ఇది మర్చిపోయేవాడు. ఇప్పుడు నేను ముందే రాసి ఇస్తాను.

డీజిల్ సంగతికి వస్తాను. కొన్ని దేశాల్లో పొలం పనికి తక్కువ పన్ను డీజిల్, రోడ్డుకు వేరే డీజిల్ ఉంటుందంట. మనకు అట్లా లేదు. చేలో దున్నే ట్రాక్టరుకైనా హైవే మీద టిప్పరుకైనా బంకులో ఒకటే డీజిల్, ఒకటే ధర. మన ధర కర్ణాటక కన్నా ఎక్కువ కాబట్టి సరిహద్దు ఊళ్ళవాళ్ళు అటు పోయి ట్యాంకు నింపుకొస్తారు. బండి ట్యాంకు నింపుకోవడం వరకు సరే. డ్రమ్ములతో తెచ్చి పక్కవాళ్ళకు అమ్మడం మొదలుపెడితే అది మన వాడకం కింద రాదు, వ్యాపారం అవుతుంది. డీలరు కాకుండా అమ్మితే నిత్యావసర సరుకుల చట్టం కింద కేసు.

సైటుకు డీజిల్ తీసుకుపోవడం గురించి భయం వద్దు, చట్టమే వీలు ఇచ్చింది. 1934 పెట్రోలియం చట్టంలో డీజిల్ క్లాస్-బి. ఒక చోట మన దగ్గర మొత్తం 2,500 లీటర్లు దాటకుండా, ఏ ఒక్క డ్రమ్ము గానీ ట్యాంకు గానీ 1,000 లీటర్లకు మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. ఒక జేసీబీకి రెండు డ్రమ్ముల డీజిల్ తెచ్చుకోవడం ఇందులోకి సులభంగా వస్తుంది. పెట్రోలు అట్లా కాదు. అది క్లాస్-ఏ, తొందరగా అంటుకుంటుంది. సొంత వాడకానికి మొత్తం 30 లీటర్లే, అదీ ఇనుప డబ్బాలో, ఒక్కోటి 25 లీటర్లకు మించకుండా. స్ప్రేయరుకో గడ్డి కోసే మిషన్‌కో ప్లాస్టిక్ బాటిల్లో పెట్రోలు అడిగితే బంకు కుర్రోడు పోయనంటే వాడి మీద అరవకండి, వాడు చేసేది సరైన పనే.

మేం తెచ్చుకునే తీరు ఇది. ఒక 200 లీటర్ల ఇనుప డ్రమ్ము, మూతకు రబ్బరు వాషరు, దాన్ని ట్రాక్టరు ట్రాలీలో నిలువుగా తాళ్ళతో కట్టేస్తాం. ఆ ట్రాలీలో మనుషులు ఎక్కరు, తోలేవాడు బీడీ ముట్టడు. సైటులో ఎండ తగలకుండా చెట్టు నీడలో ఇటుకల మీద పెట్టి ఒక రాత్రి కదపకుండా వదిలేస్తాం. నీళ్ళు, మడ్డి అడుగుకు దిగుతాయి. పొద్దున చేతి పంపు పైపు అడుగు తగలకుండా జానెడు పైనే ఉంచి తోడతాం. మిషన్‌లో సెడిమెంటరు, అంటే డీజిల్‌లో నీళ్ళను వేరు చేసే గిన్నె కింద చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని రోజూ పొద్దున విప్పితే మొదట తెల్లగా నీటి చుక్కలు, తర్వాత డీజిల్ వస్తుంది. ఒకే రంగులో ధారగా వచ్చాకే బిగించాలి. హెల్పరుకు మొదటి రోజు నేర్పేది ఇదే.

అవర్ మీటరు, పోసిన లీటర్లు ఒక నోటు పుస్తకంలో రాస్తాను. మా మిషన్ గంటకు నాలుగున్నర నుంచి అయిదు లీటర్లు తాగుతుంది. ఒక వారం ఆరు దాటింది. దొంగతనం అనుకున్నాం. తీరా చూస్తే ధాబా దగ్గర ట్యాంకరు పెట్టుకుని 'బయోడీజిల్' అని తక్కువకు అమ్మేవాడి దగ్గర ఆపరేటరు పోయించుకున్నాడు. తక్కువకు వస్తే మాకు మేలనుకున్నాడు పాపం. ఇంజెక్టర్లు బాగు చేయించేదానికి అయిన ఖర్చు, మిగిలిందనుకున్న దానికి పదింతలు. రంగు, వాసన తేడాగా ఉన్న డీజిల్ ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. బంకులో అనుమానం వస్తే అడగండి. ప్రతి బంకులో ముద్ర వేసిన 5 లీటర్ల కొలత ఉంటుంది, అందులో పోసి చూపించమనే హక్కు మనకుంది. సాంద్రత చూసే హైడ్రోమీటరూ ఉంటుంది.

2020 తర్వాత వచ్చిన బీఎస్-6 టిప్పర్లకు డీజిల్‌తో పాటు డీఈఎఫ్, అంటే యాడ్ బ్లూ కూడా పోయాలి. అది 32.5 శాతం స్వచ్ఛమైన యూరియా కలిపిన నీళ్ళు. మా మరిది మొదట్లో "మన చేనికి తెచ్చిన యూరియానే బక్కెట్లో కలిపితే పోలా?" అన్నాడు. ఎరువు యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, అది లోపల పేరుకుని సిస్టమ్ మొత్తం పాడవుతుంది. పైగా సబ్సిడీ యూరియాను ఇట్లా వాడితే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద నేరం. సీలున్న డబ్బానే కొనండి.

మిషన్ రోడ్డెక్కక తప్పని రోజు మేం చేసేది చెబుతాను. పగలే కదిలిస్తాం. వెనక బూమ్ మడిచి లాక్ పిన్ను వేస్తాం. ముందు బకెట్టు వెనక్కి వాల్చి, తోలేవాడి చూపుకు అడ్డం రాకుండా ఉంచుతాం. పళ్ళకు గార్డు తొడుగుతాం. పైన తిరిగే ఆరంజి లైటు, వెనక రిఫ్లెక్టరు టేపు తుడిచి చూస్తాం. ముందు ఒక బైకు పోతుంది. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, లైసెన్సు ఫోన్లో డిజీలాకర్‌లో ఉంటే ఆపినప్పుడు చూపించినా చెల్లుతుంది. నేను జెరాక్సులు కూడా క్యాబిన్‌లో పెట్టిస్తాను, పని చోట సిగ్నల్ ఉండదు కాబట్టి.

కొత్త ఆపరేటరు వస్తే లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ తీసుకుని నేనే ప్రభుత్వ పరివాహన్ వెబ్‌సైటులో కొట్టి చూస్తాను. ఏ క్లాసులు ఉన్నాయి, ఏ తేదీదాకా చెల్లుతుంది, అన్నీ కనబడతాయి. కార్డు చూసి ఊరుకోను.

రాత్రికి తాళం ఇంటికి తెచ్చుకుంటే చాలదు. చాలా జేసీబీలకు ఒకే రకం తాళం పడుతుంది, పక్క సైటు కుర్రోడి దగ్గర ఉన్నదే మన మిషన్‌కూ తిరుగుతుంది. బ్యాటరీ కట్-ఆఫ్ స్విచ్ వేయించి దాని పిడి విప్పుకుని రండి. మాది నీలం బ్యాగులోనే ఉంటుంది.